పాలకండ్రిగలో శాశ్వత ప్రదర్శన

గ్రామీణ కళను ప్రపంచ పటం మీదికి ఎక్కించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఎక్కడి నుంచి ఎక్కించాలన్నది కూడా ఎక్కువ కాలయాపన లేకుండానే తేలిపోయింది. గ్రామీణ కళావికాస శాఖ మంత్రిగారు పుత్తూరు నుంచి చిత్తూరు వెళ్తూ, కార్వేటినగరం దాటాక రోడ్డు పక్కన ఒక బోర్డు చూశారు. "పాలకండ్రిగ చిత్రశాల. ప్రవేశం ఉచితం." ఉచితం అన్న మాట మంత్రిగారి మనసుకు మొదటినుంచీ దగ్గర. కారు ఆపకుండానే, దీన్ని అంతర్జాతీయ కళాకేంద్రం చేస్తున్నామని ప్రకటించారు. మర్నాడు పేపర్లలో అది నాలుగు కాలాల వార్త.

ఆ వార్త చదివి అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు దొరస్వామి. చిత్రశాల నడిపేది ఆయనే. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాక, మూతబడిన చేనేత సొసైటీ భవనానికి సున్నం కొట్టించి, చుట్టుపక్కల పల్లెల్లో బొమ్మలు వేసేవాళ్లను వెతికి పట్టుకుని, వాళ్లవి గోడలకు తగిలించాడు. రెండు గదులు, ఒక ఫ్యాను, ముప్పయ్యొక్క బొమ్మలు. రోజుకు నలుగురు లోపలికొస్తే ఆయనకు పండగ. అందులో ఇద్దరు బస్సు కోసం ఎండ తప్పించుకోను వచ్చినవాళ్లయినా ఆయనకు పట్టింపు లేదు.

వారం తిరక్కముందే ప్రత్యేకాధికారి భానుచందర్ దిగాడు. కళ మీద ఆయనకున్న అవగాహన సామాన్యమైనది కాదు. అంతకుముందు మూడేళ్లు పశువుల దాణా విభాగంలో పనిచేశాడు. గదులు రెండూ నాలుగు నిమిషాల్లో చూసేసి ఒక బొమ్మ ముందు ఆగాడు.

"ఇదెవరు వేశారు?"

"నాగవేణి సార్. నా దగ్గర చదువుకున్న పిల్ల. ఈ ఊరి రైతు చెంగల్రాయుడి కూతురు."

బొమ్మలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ఉంది. గేటు మూసి ఉంది. దానిముందు తోతాపురి కాయల లోడ్లతో ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మొదటి ట్రాక్టరు కింద నీడలో, చేయి తలకింద పెట్టుకుని ఒక మనిషి నిద్రపోతున్నాడు. ఆ మనిషి చెంగల్రాయుడే. పోయినేడు కాయల కాలంలో నాయనకు అన్నం క్యారియరు తీసుకెళ్లిన నాగవేణి, ఆయన నిద్రలేచేదాకా అక్కడే కూర్చుని గీసింది. ఆ బొమ్మ చూసినరోజు దొరస్వామి తన సర్వీసంతా వృథా పోలేదనుకున్నాడు.

"ఎక్స్‌లెంట్" అన్నాడు భానుచందర్. "కానీ ట్రాక్టర్లు ఆగిపోయి ఉన్నాయి. మన ప్రభుత్వంలో ఏదీ ఆగదు. కదుల్తున్నట్టు మార్పించండి."

నాగవేణి విని నవ్వింది. "నిలబడిన ట్రాక్టర్ను నేనెట్ల కదిలించేది సార్?"

"చక్రాల యనక రవ్వంత దుమ్ము పెట్టుమ్మా. చాలు" అన్నాడు దొరస్వామి.

పెట్టింది. భానుచందర్ ఫొటో తెప్పించుకుని చూసి, వెంటనే ఫోన్ చేశాడు. "ఇప్పుడు బ్రహ్మాండంగా కదుల్తున్నాయి. అయితే కదిలే ట్రాక్టరు కింద మనిషి పడుకుని ఉన్నాడు. ఇది రోడ్డు భద్రతకు విరుద్ధం. తీసేయండి."

ఈసారి నాగవేణి నవ్వలేదు. "మా నాయన్ను తీసేస్తే ఇంగ ఆ బొమ్మలో ఏముండాది సార్?"

"ట్రాక్టర్లుండాయి కదమ్మా."

"ట్రాక్టర్లు షోరూములో గూడా ఉండాయి. ఆడికి పోయి చూడమనండి" అని బ్రష్షు కింద పెట్టి వెళ్లిపోయింది.

దొరస్వామి ఆ పూటంతా బొమ్మ ముందు కూర్చున్నాడు. కళ్లతో చూసిందే చేత్తో వెయ్యాలని ముప్పయ్యేళ్లు పిల్లలకు చెప్పినవాడు. కానీ వానొస్తే రెండో గది కురుస్తుంది. శాఖ ఇచ్చే గ్రాంటు వస్తే పైకప్పు వేయించొచ్చు. ముప్పయ్యొక్క బొమ్మలు తడవకుండా ఉండాలంటే ఒక మనిషిని కాస్త పక్కకు తప్పించడం తప్పు కాదని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. దుమ్మురంగు కలిపి, చెంగల్రాయుణ్ణి పాదాల దగ్గర మొదలుపెట్టి కప్పుకుంటూ పోయాడు. మొహం దగ్గరికొచ్చాక చెయ్యి ఆగింది. రంగు ఆరిపోతోంది కాబట్టి మొహం కూడా కప్పేశాడు.

ఆ తర్వాత మామిడికాయల మీది నల్లమచ్చలు ప్రజారోగ్యం దృష్ట్యా పోయాయి. మూసిన గేటు పెట్టుబడుల దృష్ట్యా తెరుచుకుంది. మొదటి ట్రాక్టరు రంగు ప్రతిపక్షానిదని తేలడంతో అదీ మారింది. దొరస్వామి చెయ్యి ఇప్పుడు ఎక్కడా ఆగలేదు.

ప్రారంభోత్సవానికి ముందురోజు భానుచందర్‌కు ఒక చిక్కొచ్చింది. మూడు వందల మంది కళాభిమానులు కావాలి. ఊళ్లో చూస్తే ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు.

"మొగోళ్లంతా ఫ్యాక్టరీ కాడుండారు సార్. కాయల కాలం కదా" అన్నాడు దొరస్వామి. "గేటు తీసి నాలుగు దినాలయింది."

"నాలుగు రోజుల క్రితం తీశారా?"

"లేదు సార్. నాలుగు దినాలుగా తీయలే."

భానుచందర్ చురుకైన అధికారి. ఫ్యాక్టరీ అక్కడికి రెండు కిలోమీటర్లే. స్వయంగా వెళ్లి, టోకెన్ నంబర్లు ఎక్కడికీ పోవని, సాంబారన్నం పొట్లాలు ఇస్తామని హామీ ఇచ్చాడు. లోడు వదిలిపెట్టి రావడానికి రైతులు ఒప్పుకోలేదు. ట్రాక్టర్లతోనే రమ్మన్నాడు. తెల్లారేసరికి చిత్రశాల ముందు అరవై ట్రాక్టర్లు వరసగా నిలబడ్డాయి. అన్నిటికన్నా ముందు చెంగల్రాయుడిది.

మంత్రిగారు పది గంటలకు రావాలి. రెండయింది. పొట్లాలు తిన్న కళాభిమానులకు షామియానా చాల్లేదు. ఎండ తట్టుకోలేక ఒక్కొక్కరే ట్రాక్టర్ల కింద దూరి నడుం వాల్చారు. మూడున్నరకు సైరన్ మోత వినబడేసరికి అందరూ గాఢనిద్రలో ఉన్నారు. భానుచందర్ కర్ర పట్టుకుని లేపబోయాడు గానీ, మంత్రిగారి కారు అప్పటికే ఆగింది.

మంత్రిగారు దిగి, నల్లబడుతున్న కాయల్ని, ఈగల్ని, ట్రాక్టర్ల కింద పడుకున్న మనుషుల్ని చూశారు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

"ఏంటయ్యా ఇది?"

ఆ క్షణంలో భానుచందర్ ఉద్యోగం, ఆయన భార్య తిరుపతిలో కట్టిస్తున్న రెండంతస్తుల ఇల్లు, అన్నీ ఒక్కసారి ఊగాయి. దాణా విభాగంలోనే ఉండిపోయిన మనిషైతే కూలిపోయేవాడు. ఆయన కళాకారుడు.

"ఇన్‌స్టలేషన్ సార్" అన్నాడు.

మంత్రిగారి మొహం మెల్లగా విప్పారింది. "అదీ మాట. మొన్న విదేశీ పర్యటనలో ఒక మ్యూజియంలో ఖాళీ తొట్టినే కళాఖండమని ఉంచడం చూశాను. దానికి టికెట్టు కూడా పెట్టారు. మనవాళ్లకు ఎప్పుడొస్తుందా ఈ స్థాయి అనుకున్నా." చెప్పులు విప్పి, చేతులు వెనక్కి కట్టుకుని ట్రాక్టరు చుట్టూ తిరిగారు. "ఈగలు కూడా నిజమైనవేనా?"

"నిజమైనవే సార్. లోకల్."

మాటలకు చెంగల్రాయుడికి మెలకువ వచ్చింది. ఎదురుగా మంత్రి. పాక్కుంటూ బయటికొచ్చి చేతులు జోడించాడు.

"అయ్యా, అయిదు దినాలుగా గేటు తీయలేదయ్యా. కాయంతా కారిపోతా ఉండాది. అడిగితే రేపు రా అంటాండారు. కోత కూలి గూడా రాదు. మీరొక మాట చెప్తే..."

మంత్రిగారు జేబురుమాలు తీసి కళ్లద్దుకున్నారు. వెనక్కి తిరిగి, "డైలాగ్ ఎవరు రాశారు?" అని అడిగారు.

"అప్పటికప్పుడు చెప్తున్నాడు సార్. ఇంప్రొవైజేషన్."

"ఏం సహజత్వం. ఇలాంటి కష్టం నిజంగా ఎవరికైనా ఉంటే మనం చూస్తూ ఊరుకుంటామా?"

పక్కనే నిలబడ్డ దొరస్వామి ఒక అడుగు ముందుకేశాడు. "సార్, ఆయన నిజంగానే..." అన్నాడు. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. మంత్రిగారు గుమ్మానికున్న రిబ్బను చెంగల్రాయుడి ట్రాక్టరుకు కట్టించి కత్తిరించి, భానుచందర్‌కు శాలువా కప్పి, "దీన్ని కదిలించకండి. ఢిల్లీ నుంచి బృందాన్ని తీసుకొస్తా" అని చెప్పి వెళ్లిపోయారు. లోపలికి రాలేదు. ముప్పయ్యొక్క బొమ్మలూ గోడల మీద క్షేమంగా ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంది. మొదటి టోకెన్ చెంగల్రాయుడిది. ట్రాక్టరు స్టార్ట్ చేస్తే ఇద్దరు పోలీసులు అడ్డం నిలబడ్డారు.

"నా బండి కదప్పా" అన్నాడు.

"ఇప్పుడు గవర్మెంటు కళాఖండం పెద్దాయనా. దిగు."

మూడోరోజు ఉత్తర్వులు వచ్చాయి. మిగతా యాభై తొమ్మిది మందిని వదిలేశారు. ఒకే ట్రాక్టరు, ఒకే రైతు ఉంటే భావం గాఢంగా ఉంటుందని నిపుణుల కమిటీ చెప్పింది. నాగవేణికి విడిగా ఒక నోటీసు వచ్చింది. శాఖ కళాఖండాన్ని అనుమతి లేకుండా అనుకరించి బొమ్మ వేసినందుకు, అందులోంచి రైతును మాత్రం దురుద్దేశంతో తొలగించినందుకు సంజాయిషీ ఇవ్వాలని ఉంది.

నాగవేణి నోటీసు తెచ్చి దొరస్వామి ముందు పెట్టింది. "సంజాయిషీ మీరు రాస్తారా సార్, నేను రాయాల్నా?"

దొరస్వామి అప్పుడు ట్రాక్టరుకు తగిలించాల్సిన పలక రాస్తున్నాడు. భానుచందర్ పక్కన నిలబడి చెబుతున్నాడు. కళాకారుడు: గ్రామీణ కళావికాస శాఖ. సందర్శన వేళలు: పది నుంచి ఐదు. మాధ్యమం: ఇనుము, మామిడి, రైతు. జిల్లాలో అంత గుండ్రటి అక్షరాలు మరొకరికి రావు. నాగవేణి కాసేపు ఆ అక్షరాలు చూసి, లోపలికెళ్లి తన బొమ్మను గోడ మీంచి తీసుకుని వెళ్లిపోయింది. దొరస్వామి 'రైతు' దగ్గర దీర్ఘం పడిందేమోనని మళ్లీ చూసుకున్నాడు. పడలేదు.

పదిరోజులకు లోడు పూర్తిగా కుళ్లి, ఢిల్లీ బృందం ముక్కు మూసుకునే ప్రమాదం ఏర్పడింది. ప్రతి సోమవారం ఒక టన్ను తాజా తోతాపురి కొని లోడు మార్చాలని, అందుకు టెండర్లు పిలవాలని శాఖ నిర్ణయించింది. ప్రభుత్వం మంచి ధర ప్రకటించింది. అంత ధర ఆ జిల్లాలో ఏ రైతూ ఆ ఏడు వినలేదు.

చెంగల్రాయుడు ట్రాక్టరు కింద నుంచి బయటికొచ్చి, పంచె దులుపుకుని, భానుచందర్ దగ్గరికి వెళ్లాడు.

"సార్, మా తోపులో ఇంగా మూడు టన్నుల కాయ చెట్ల మీదనే ఉండాది. నేను ఇయ్యచ్చునా?"

భానుచందర్ ఫైలు తిరగేసి చూశాడు. పాపం, ఇవ్వాలనే ఉంది ఆయనకు.

"కుదరదయ్యా. ప్రదర్శనలో ఉన్న వస్తువు టెండరు వెయ్యకూడదు. రూలు."

చెంగల్రాయుడు వెనక్కి తిరిగి ట్రాక్టరు కింది నీడ వైపు చూశాడు.

"అయితే పండుకోనా సార్?"

"ఐదింటిదాకా" అన్నాడు భానుచందర్.