మా ఆయన కాఫీ పెడుతున్నారు, ఆగండి!

ఇంట్లో కాఫీ ఆలస్యంగా రావడమంత అదృష్టం ఇంకొకటి లేదు. నవ్వకండి! అనుభవం మీద చెబుతున్నాను.

మాది గార్డెన్ రీచ్, బెంగాలీ వాళ్ళ ఊళ్ళో ఓడరేవు పక్కన. మా ఆయన ఉమామహేశ్ ఓడలు కట్టే చోట డ్రాయింగులు గీసే ఉద్యోగి. మొన్నటి చలికాలం దాకా ఆయనకు వంటింట్లో లైటు స్విచ్ ఎక్కడుందో తెలియదు. ఒకరోజు ఫోన్‌లో ఎవరో గడ్డం పెద్దమనిషి కాఫీ పెట్టే వీడియో చూశారు. అంతే, జ్ఞానోదయం!

ముందు గ్రైండర్ వచ్చింది. మిక్సీ ఉంది కదండీ అన్నాను. మిక్సీ గింజను హింసిస్తుందట, గ్రైండర్ బుజ్జగిస్తుందట. తర్వాత కొంగమెడ లాంటి ముక్కున్న కెటిల్ వచ్చింది. దాని వెనకే గాజు గరాటు, దానికి జపాన్ కాగితాలు, గింజలు తూచే బుల్లి మెషీన్, థర్మామీటర్. మా ఇంట్లో మనుషులకు జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకుంటాం. నీళ్ళకు మాత్రం థర్మామీటర్!

ఈ ఊరి గాలిలో తేమ ఎక్కువ కదా, అందుకని గింజల కోసం గాలి పీల్చేసే డబ్బాలు కొన్నారు. వాటికి చోటు కావాలి. నా కందిపప్పు, మినప్పప్పు షెల్ఫు దిగి మంచం కిందకు వెళ్ళాయి. అక్కడ పురుగులు సుఖంగా కాపురం పెట్టాయి. దీన్ని పరోపకారం అనరా?

ఇంకో లాభం చూడండి. ఫ్యాను తిరిగితే తూకం మెషీన్‌లో అంకెలు ఊగుతాయని, కాఫీ పూర్తయ్యే దాకా మా ఇంట్లో ఫ్యాను బంద్. జూన్ నెలలో! జనం డబ్బు పోసి ఆవిరి స్నానాలకు వెళ్తారు. మాకు ఉచితం.

మా అత్తగారు పున్నమ్మ గారికి పొద్దున్నే కాఫీ పడకపోతే దేవుడితో కూడా మాటలుండవు. అలాంటి మనిషి ఇప్పుడు కుర్చీలో ధ్యానంలో ఉన్నట్టు కూర్చుంటున్నారు.

"ఏటిరా, కాఫీకి నీళ్ళు పోస్తన్నావా, మొక్కకి పోస్తన్నావా? సుక్క సుక్కా ఏటది?"

"బ్లూమ్ అవుతోందమ్మా, పొడి పొంగాలి. డిస్టర్బ్ చెయ్యకు."

చూశారా! సహనం నేర్చుకోవడానికి లోకమంతా ఆశ్రమాలు పట్టుకుని తిరుగుతుంటే, మాకు వంటింటి గుమ్మంలోనే దొరికింది.

అసలు లాభం ఇంకా చెప్పలేదు. ఒక ఆదివారం అప్పలకొండమ్మ పిన్ని వచ్చింది. మా అత్తగారికి చిన్ననాటి స్నేహితురాలు. వాట్‌గంజ్‌లో ఉంటుంది. ఆవిడ భర్త పోలిరాజు మావయ్య డాక్‌లో పని చేసి రిటైరయ్యాడు. వస్తూనే పిన్ని మా ఆయన వైపు చూసి, "బాబూ, నీతో సిన్న పనుండి వచ్చినాను" అంది.

"ఒక్క నిమిషం పిన్నీ, ముందు కాఫీ" అన్నారు ఆయన. ఫ్యాను కట్టేశారు.

ఆ నిమిషంలో మేం ముగ్గురం చెమటలో తడిసి, ఆరి, మళ్ళీ తడిశాం. చివరికి కప్పు వచ్చింది. పిన్ని తాగబోయింది.

"తాగకండి! ముందు వాసన చూడండి. ఏం తగులుతోంది?"

పిన్ని భయంభయంగా వాసన చూసింది. "కాఫీ వాసనే తగల్తంది బాబూ."

"అది కాదు పిన్నీ. లోపల నేరేడు పండు, ఆ వెనకాల నిమ్మతొక్క..."

పిన్ని ఒక గుక్క తాగి మా అత్తగారి వైపు తిరిగింది. "పున్నమ్మా, పులిసిపోనాదేటే? పాలు ఇరిగిపోనాయా?"

"పాలు పొయ్యలేదు, పంచదార వెయ్యలేదు. వేస్తే గింజను అవమానించినట్టు" అన్నారు మా ఆయన. తర్వాత ఆ గింజ ఏ కొండ మీద పండిందో, ఆ కొండకు ఏ పక్క ఎండ పడుతుందో వివరించారు. పిన్ని తల ఊపుతూనే ఉంది. మధ్యలో "బాబూ, అదీ..." అని మొదలుపెట్టడం, ఆయన "ఇప్పుడు చల్లారాక తాగి చూడండి, రుచి మారుతుంది" అనడం. చివరికి పిన్ని కప్పు కింద పెట్టి లేచింది.

మెట్ల దాకా వెంట వెళ్ళాను. "పనేదో ఉందన్నారు కదా పిన్నీ?"

"మీ మావకి కడుపులో గడ్డంట. అదేటో రేపు పెద్ద డాక్టరు సెప్తాడంట. ఆయన సెప్పినాది మాకు బోధపడదు కదమ్మా. బాబు కూడా వస్తే దైర్నంగా ఉంటాదని..." పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పోన్లే, పాపం పన్లో ఉన్నాడు."

లోపలికి వచ్చి సంగతి చెప్పాను. ఆయన చాలా బాధపడ్డారు. "అయ్యో, రేపా? రేపు కొత్త గింజలు వస్తున్నాయి. సెలవు పెట్టిందే అందుకు. డెలివరీ అతనికి ఓటీపీ చెప్పాలి కదా! నువ్వు వెళ్ళు. నీకు బెంగాలీ బాగా వచ్చు."

పెళ్ళయినప్పటి నుంచి ఇదే ఊళ్ళో ఉంటున్న నాకు బెంగాలీ వచ్చని ఆయన గుర్తించడం అదే మొదలు. కాఫీ మహిమ కాక ఏమిటిది?

మా అత్తగారూ నేనూ వెళ్ళాం. డాక్టరు సగం బెంగాలీ, సగం ఇంగ్లీషులో గబగబా చెప్పి ఫైలు మూసేశాడు. నేను మళ్ళీ తెరిపించాను. ఆ గడ్డ ఏ రకం, ఆపరేషన్ చేస్తే తగ్గుతుందా, చెయ్యకపోతే ఏమవుతుంది, అన్నీ అడిగాను. చెడ్డ గడ్డ కాదట. తీసేస్తే సరిపోతుందట. తెలుగులో చెప్పగానే పోలిరాజు మావయ్య బల్ల మీద అలాగే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పిన్ని ఆయన వీపు నిమురుతూ, "సెప్పినాను కాదేటి, సెప్పినాను కాదేటి" అంటూ తనూ ఏడ్చింది.

బయట టీ కొట్టు దగ్గర ఆగాం. బెంచీ మీద సర్దుకుని కూర్చునేలోగా మట్టి కప్పుల్లో టీ చేతికొచ్చింది. వాసనలో ఏముందని టీ కొట్టతను ఎవర్నీ అడగలేదు.

రోడ్డు దాటేటప్పుడు మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. "నీకింత నోరుందని ఇన్నాళ్ళూ నాకు తెల్దే, రమా."

"మీ అబ్బాయి కాఫీ పుణ్యమే అత్తయ్యా" అన్నాను. ఆవిడ రోడ్డు మధ్యలో నిలబడి పకపకా నవ్వారు. వెనక బస్సు హారన్ కొట్టింది. మాకిద్దరికీ కలిసి నవ్వడం వచ్చని ఆరోజే తెలిసింది. ఇప్పుడైనా ఒప్పుకుంటారా, కాఫీ ఆలస్యంగా రావడం ఎంత అదృష్టమో?

ఇంటికి వచ్చేసరికి కొత్త గింజలు వచ్చేశాయి. డాక్టరు ఏమన్నాడని ఆయన అడగలేదు. నన్ను సోఫాలో కూర్చోబెట్టి, కప్పు చేతిలో పెట్టి, వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు. భుజం మీద తువ్వాలు. కళ్ళు నా ముఖం మీదే. పాపం, ఊపిరి కూడా బిగబట్టినట్టున్నారు.

ఆ నిలబడటం నాకు బాగా తెలుసు. కాపురానికి వచ్చింది మొదలు పొద్దునా సాయంత్రం అదే గుమ్మానికి ఆనుకుని నేను నిలబడేదాన్ని. ఆయన పేపరు వెనక కాఫీ తాగేవారు. బాగుందో లేదో నాకు ఖాళీ కప్పే చెప్పాలి.

పక్కనే ఉన్న పేపరు తీశాను. ముఖానికి అడ్డంగా పట్టుకుని నిదానంగా తాగాను. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది.

"ఎలా ఉంది రమా?"

పేజీ తిప్పాను.