రాజారావు ముక్కుకు గ్రీకు పేరు

ముందు రాత్రి సెలవు కావడంతో ఆ రోజు పొద్దున్నే రాజారావు గట్టి పట్టుదలతో లేచాడు. పగటి షిఫ్టు సాధించుకోకుండా ఇల్లు చేరకూడదు! పటాన్‌చెరు మందుల కంపెనీలో రెండేళ్లుగా అతను రాత్రి షిఫ్టు కెమిస్టు. లోకం నిద్రపోయే వేళ మేలుకుని మేలుకుని ప్రాణం విసిగిపోయింది. పైగా ఆ చల్లగదిలో కూర్చుంటే చాలు, ముక్కు కుళాయే.

"జలుబుకి షిఫ్టు మార్చేవాడెవడండీ?" అంది భార్య వెంకటలక్ష్మి.

"జలుబని ఎందుకంటాను? అలర్జిక్ రైనైటిస్ అంటాను. గ్రీకులో రైనో అంటే ముక్కు, ఐటిస్ అంటే వాపు. అబద్ధమేం కాదు, ఉన్నమాటకే పట్టుబట్ట కట్టానంతే."

ఊళ్లో మగాళ్లు పేకాడితే రాజారావు వైద్యపు మాటల వేళ్లు తవ్వేవాడు. అయితే ఆ 'ఐటిస్' తోకే ఉన్న హెపటైటిస్, అంటే పచ్చకామెర్లు, పోయిన వానాకాలం కంపెనీలో సగంమందిని మంచాన పడేసిన సంగతి అతనికి తట్టలేదు.

కంపెనీలో షిఫ్టులు వేసే సూపర్‌వైజరు నర్సింహులు ఆ జబ్బు పేరు వింటూనే కుర్చీ వెనక్కి జరిపాడు. "మళ్ల ఐటిసా! క్యాంటీన్ల చాయ్ గిట్ట తాగిన్రా సారూ?"

"తాగాను. కానీ ఇది అది కాదయ్యా. హెపార్ అంటే కాలేయం. అక్కడ వాస్తే హెపటైటిస్. నాకు వాసింది ముక్కు."

"వామ్మో! కార్జం నుంచి ముక్కుదాంక ఎక్కిందా!"

రాజారావు పట్టు వదలకుండా మళ్లీ మొదట్నుంచి వివరించాడు. ఆ వివరణ పూర్తయ్యేలోగా క్యాంటీన్ చాయ్ అంతా మోరీలో పోశారు. కేసులు మళ్లీ మొదలయ్యాయన్న కబురు మేనేజరు భీమశంకరం దాకా పోయింది. నర్సింహులు మాత్రం మంచివాడు, మనిషిని వదిలేసే రకం కాదు.

"నాకు పసిర్కలు, గదే కామెర్లయితే, రుద్రారం బక్కమ్మ మందుతోనే బతికిన. జల్దీ జీపెక్కుండ్రి సారూ!" అని ఇద్దరు హమాలీల సాయంతో ఎక్కించేశాడు.

రుద్రారంలో బక్కమ్మ ఏ భాషా అడగలేదు. రాజారావు "రైనో అంటే..." అంటుండగానే అదే ముక్కులో ఆకుపసరు పోసింది. అతను తుమ్మి, దగ్గి, కళ్లు తుడుచుకునేసరికి పొయ్యిలోంచి ఎర్రటి ఇనుపచువ్వ తీస్తోంది.

"ఇగ చెయ్యికి జెర సురుకు పెడ్త బిడ్డా. గంతే."

రాజారావుకు పై ప్రాణాలు పైనే పోయాయి. సరిగ్గా అప్పుడే మేనేజరు కారు వచ్చి ఆగింది.

"సార్! నాకే రోగమూ లేదు సార్! ముక్కూ లేదు, వాపూ లేదు! గుండ్రాయిలా ఉన్నాను!"

"నిజంగానా?" అన్నాడు భీమశంకరం.

"మా పిల్లల మీద ఒట్టు సార్!"

బక్కమ్మ చువ్వను తిరిగి పొయ్యిలో పెట్టింది. భీమశంకరం తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, జేబులోంచి ఒక కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు.

"మంచి మాట చెప్పావయ్యా! పాపం జబ్బు మనిషివని ఇవాళ్టి నుంచే పగటి షిఫ్టు రాసి తెచ్చాను. ఇక దాంతో పనిలేదుగా!"

రాజారావు ఉద్యోగంలో చేరిన నాటినుంచి మేనేజరు పూర్తిగా నమ్మింది ఆ ఒక్క మాటనే.