మా గల్లీకి రెండు సభలు

పరిపాలన ఎరుగని గల్లీలో మగ్గాలు ఎంత బాగా ఆడినా దాన్ని నాగరికత అనరాదు. ఈ సత్యాన్ని షోలాపూర్ జోడ్‌భావి పేటలోని మా పద్నాలుగిళ్ళ గల్లీ 1936లో గ్రహించింది. అంతవరకు మాకున్నది ఒక్కటే పద్ధతి. పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, సిద్ధమైనవాళ్ళు తెల్లవారగానే దాన్ని గంజిలో ముంచి గల్లీ పొడుగునా చాపేవాళ్ళు. ఇంటికొకరు వచ్చి తడి ఆరేలోపు కుంచెలతో దువ్వేవాళ్ళం. లేకపోతే పోగులన్నీ అతుక్కుపోతాయి. (ఇంత ముఖ్యమైన పని నలభై ఏళ్ళపాటు ఒక్క తీర్మానమైనా లేకుండా జరిగిందని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.)

మాలో చదువుకున్నవాడు అంబాదాస్. పాత పుస్తకాల బండి మీద అతనికొక పుస్తకం దొరికింది. అమెరికాలో నెబ్రాస్కా అనే రాష్ట్రానికి రెండు సభలూ ఒక గవర్నరూ ఉన్నారని అందులో ఉంది. "ఆడ లొల్లి లేదు, అంతా కాయదా" అన్నాడు, చట్టాన్ని మరాఠీలో చెబుతూ. మరునాటికి రెండు మగ్గాలున్న మేము పై సభ అయ్యాం. ఒంటి మగ్గం వాళ్ళు కింది సభ. అందరికన్నా పెద్దవాడని పెంటప్పను గవర్నరు చేసి, వీటో అనే అధికారం ఇచ్చాం. అదేమిటో అర్థమయ్యాక ఆయన దాన్ని కోడలు చేసే కూరల మీద కూడా వాడాడు. ఇక ఎవరు పడుగు దువ్వించుకోవాలన్నా బిల్లు పెట్టాల్సిందే.

మరుసటి ఏడాది మొదట్లో గోదావరి వంతు వచ్చింది. ఆమె భర్త రాజారాం వానాకాలంలో పోయాడు. ఉన్న ఒక్క మగ్గాన్నీ ఆమే నడుపుకుంటోంది. షావుకారు ఇచ్చిన నూలు పాడైతే మళ్ళీ నూలివ్వడు, నూలు లేకపోతే మగ్గం నిలిచిపోతుంది. కింది సభలో రాజారాం చోటు (ఒక గోనెపట్టా) ఖాళీగానే ఉంచాం. ఆడవాళ్ళ సంగతి మా పుస్తకంలో కనబడలేదు మరి.

ఆమె బిల్లు ముందురోజే కింది సభ దాటింది. మిగిలింది ఎంతసేపులే అనుకుని, పాపం, గోదావరి పొద్దున్నే పడుగును గంజిలో ముంచి గల్లీలో చాపేసింది.

పై సభలో మల్లప్ప లేచాడు. చోటు రాజారాం పేర ఉంటే బిల్లు గోదావరి పేర ఎట్లొచ్చిందని అడిగాడు. అందరం మెచ్చుకున్నాం. బిల్లు వెనక్కి పంపేలోపు అంబాదాస్ మరాఠీ పత్రిక పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నెబ్రాస్కా వాళ్ళు ఒక సభను ఎత్తేశారట! మరి మాలో ఏది పోవాలి? అది తేలేదాకా ఏ సభా చెల్లదన్నాడు. సభ చెల్లనప్పుడు పడుగు ముట్టుకోవడం చట్టవిరుద్ధం.

గోదావరి పెంటప్ప దగ్గరికి వచ్చింది.

"మామా, ఎండ ఎక్కుతున్నది. జర కుంచె పట్టుండ్రి. నా చేతులొక్కటే అయితె సరిపోతలేవు."

పెంటప్ప కుంచె అందుకోబోయాడు. అంబాదాస్ పుస్తకం చూపించాడు. "బిల్లు రావాలె గద బిడ్డా," అని ఆయన కూర్చున్నాడు.

"వైనీ, జర థాంబా. కాయదా మాట నడుస్తున్నది," అన్నాడు అంబాదాస్, వదినను ఆగమన్నట్టు చెయ్యి చూపిస్తూ.

"మీ నెబ్రాస్కల పడుగు ఎవరు దువ్వుతరు?" అంది గోదావరి.

అంబాదాస్ విషయసూచిక మొత్తం వెదికాడు. దొరకలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

పది గంటలకల్లా పడుగు కట్టెలా బిగుసుకుంది. గోదావరి ఒక్కర్తే పోగులు విడదీస్తూ పోతుంటే అవి తెగుతూ పోయాయి. పన్నెండింటికి రెండు సభలూ ఉండాలని తేల్చి, ఆమె బిల్లును ఏకగ్రీవంగా గెలిపించాం. గవర్నరు సంతకం చేశాడు. గల్లీ మొత్తం సాయంత్రం దాకా ఆమెదే. నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఆ మాట సభ కాగితాల్లో రాయమన్నాను, సవరణ రూపంలో పెట్టమన్నారు.

షావుకారు నూలు ఆపేశాడు. గోదావరి బీడీల కార్ఖానాలో చేరింది. ఆమె మగ్గం మల్లప్ప కొన్నాడు. మూడు మగ్గాలున్నవాడు కూర్చోవడానికి తగిన సభ లేదని అతను బాధపడ్డాడు. అందుకని మూడో సభకు బిల్లు పెట్టాం. అది మాత్రం అరగంటలో రెండు సభలూ దాటింది.