మాస్టారి బ్రేకు

"నేను ఆ రైలెక్కిన రోజున నన్ను పేరు మార్చి పిలవండి" అని డ్రైవింగ్ స్కూలు మాస్టారు వీధి వీధంతా వినేలా శపథం చేసి ఏడాదైంది. పాపం, ఆయన కోపానికీ అర్థముంది. ఊళ్లో చిన్న రైలు తిరగడం మొదలైన దగ్గర్నుంచి కారు నేర్చుకునేవాళ్లు కరువయ్యారు. బండి ఎక్కడ పెట్టాలన్న బెంగ లేదు, దారంతా కునుకు తీయొచ్చు అని జనం దానికి ఎగబడుతున్నారు. మాస్టారికి మిగిలింది ఒకే ఒక్క శిష్యురాలు, రిటైరైన లెక్కల టీచరమ్మ. మూడుసార్లు పరీక్ష తప్పింది. ఈసారి ఆవిడ గట్టెక్కితే తామూ చేరతామని స్నేహితురాళ్లు నలుగురు కాచుకుని ఉన్నారు. తప్పిందా, స్కూలుకు తాళమే.

ఆ పరీక్ష ఇవాళ పది గంటలకు. స్కూలు కారును మాస్టారు ముందురోజే పరీక్ష మైదానంలో పెట్టి వచ్చారు. పొద్దున బావమరిది స్కూటరు మీద దించాలి. తీరా బయలుదేరే వేళకు స్కూటరు టైరులో గాలి లేదు.

"రైల్లో పావుగంట కూడా పట్టదండీ" అంది భార్య.

"నేనా? ఆ రైల్లోనా?"

"మఫ్లరు చుట్టుకోండి. ఎవరు గుర్తుపడతారు?"

కళ్లు మాత్రం కనిపించేలా మఫ్లరు చుట్టి రైలెక్కిన మాస్టారు, తోపులాటలో జరిగి జరిగి డ్రైవరు గది అద్దం వెనక తేలారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇరవై ఏళ్లుగా శిష్యుల పక్కన కూర్చుని బ్రేకు తొక్కిన కాలు, ఎదురుగా దారి కనిపిస్తే ఊరుకుంటుందా? ప్రతి మలుపులోనూ నేలను తొక్కింది. పక్కాయన రెండుసార్లు తన బూటు వెనక్కి లాక్కున్నాడు. అంతలో దూరంగా ఓ సైకిలు పట్టాలు దాటింది.

"బ్రేకు! బ్రేకు నొక్కు!"

రైలు కీచుమని ఆగింది. "బ్రేకు పోయిందట" అన్నారు వెనక. పోతే ఎలా ఆగిందని అడిగే తీరిక ఎవరికీ లేదు. మూడో పెట్టెకు చేరేసరికి అది "ముందు పెట్టె ఊడిపోయిందట" అయింది. హడలిపోయిన ఒకాయన ప్రమాద మీట లాగేశాడు. దాంతో రైలు కదలనని భీష్మించింది.

"పదింటికి నేను పరీక్ష పెట్టాలి. ఎవడయ్యా అరిచింది?" అంటూ జనాన్ని తోసుకొచ్చిన మనిషిని చూసి మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన లైసెన్సు ఇన్‌స్పెక్టరు. మాస్టారు మఫ్లరు ఇంకో చుట్టు బిగించారు.

"మాస్టారూ, మీరేనా? గొంతు విని అనుకున్నాను" అంది వెనక నుంచి టీచరమ్మ.

"మీరు రైల్లో వస్తున్నారేంటండీ?"

"ట్రాఫిక్కులో పడితే పరీక్షకు అందుకోలేనని. మరి మీరో?"

ఇంతలో రైలు నడిపే అమ్మాయి గది తలుపు తీసింది.

"నడిదారిలో ఎందుకు ఆపావమ్మా?" అని ఇన్‌స్పెక్టరు నిలదీశారు.

"నన్నేం చేయమంటారండీ? నాకు కారు నేర్పింది ఈ మాస్టారే. ఆయన బ్రేకు అన్నాక నా ఒళ్లు నా మాట వినదు."

ఇన్‌స్పెక్టరు మాస్టారిని ఎగాదిగా చూసి, గడియారం చూసుకున్నారు. పరీక్ష పెట్టే మనిషీ, ఇచ్చే మనిషీ, కారు తాళం జేబులో ఉన్న మాస్టారూ ఒకే రైల్లో ఇరుక్కుంటే ఆలస్యమని ఎవరు ఎవర్ని అంటారు? ఎలాగో రైలు కదిలింది. ముప్పావు గంట తర్వాత పరీక్ష మైదానంలో ఒక కుక్క అడ్డొస్తే, మాస్టారు నోరు తెరవకముందే టీచరమ్మ కారు ఆగింది. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టేశారు.

లైసెన్సు చేతికి రాగానే టీచరమ్మ రైలెక్కి ఇంటికి వెళ్లింది. అది చూసి స్నేహితురాళ్లు నలుగురూ రైలు పాసులు తీసుకున్నారు. మాస్టారు ఉసూరుమంటూ స్కూలు తలుపుకు తాళం వెతుకుతుంటే రైలు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. రైలు నడిపే అమ్మాయి చెప్పింది విన్నారట, కొత్త డ్రైవర్లు పన్నెండు మందికి బ్రేకు సంగతి కాస్త నేర్పాలట.

ఇప్పుడు మాస్టారు రోజూ తొమ్మిదింటి రైలుకు వెళ్లి నేర్పి వస్తున్నారు. వీధివాళ్లు మాత్రం మాట తప్పలేదు, ఆయన్ని రైలు మాస్టారనే పిలుస్తున్నారు.