పొడి కాగితాల పరీక్ష

శనివారం ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టి పదింటికల్లా పూర్తిచేయాలి. మధ్యాహ్నం దాకా లీకు పరీక్ష. ఆ తరవాత భోజనం, కునుకు. ఇదీ భర్త వేసిన ప్రణాళిక. దాన్ని చక్కని దస్తూరీతో రాసి కంప్యూటరు గది తలుపుకి అంటించాడు. అతను బీమా కార్యాలయంలో నష్టపరిహారపు ఫైళ్ళు చూసే అధికారి. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళల్లో ఏది కాలినా, ఏది మునిగినా "తగిన జాగ్రత్తలు తీసుకున్నారా?" అని అడగడం అతని ఉద్యోగం.

ఆ ప్రణాళికలో భార్య పని చివరి వరసలో ఉంది: "సాయంత్రం అయిదులోగా, రికార్డింగు." నిజానికి ఈ హడావిడంతా ఆ వరస కోసమే. పిల్లల కథలను ఆడియో పుస్తకాలుగా చేసే ఒక సంస్థకి ఆమె దరఖాస్తు పెట్టుకుంది. పెళ్ళయిన పదమూడేళ్ళలో తన కోసం పెట్టుకున్న మొదటి దరఖాస్తు అది. వాళ్ళు మొదటిసారి విని, "మీ చదువు స్పష్టంగా ఉంది, కానీ వెనకాల మర ఆడుతున్న చప్పుడు వస్తోంది. ఇంకొక్క అవకాశం ఇస్తాం, శనివారం సాయంత్రం అయిదులోగా" అని రాశారు. వాళ్ళ వెబ్ పేజీ తెరిచి ఎర్ర బొత్తాం నొక్కి చదవాలి. చదువుతున్నంతసేపూ గొంతు నేరుగా వాళ్ళకి చేరుతుంది. చెరిపేయడం, మళ్ళీ చదవడం లేవు. ఆ పేజీ ఫోన్లో తెరుచుకోదు.

మర ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. కంప్యూటర్లో ఉంది.

"ఫ్యానుకి దుమ్ము పట్టినట్టుంది. ఒకసారి విప్పి దులిపితే సరిపోదా అండీ?" అని ఆమె వారం కిందటే అడిగింది.

"దుమ్ము దులపడం పరిష్కారం కాదు, వాయిదా" అన్నాడు భర్త. అప్పటికే అతను మూడు వారాలుగా వాటర్ కూలింగ్ వీడియోలు చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అతనికి లేనిది ఒక్క సాకు మాత్రమే.

శనివారం ఉదయం గొట్టాలు, పంపు, రేడియేటరు, నీళ్ళు పోసే గాజు డబ్బా బల్ల మీద పరుచుకున్నాయి. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"ఇదేంట్రా, కరెంటు వస్తువులో నీళ్ళు పోస్తావా?"

"లోపల పోయనమ్మా. నీళ్ళు గొట్టాల్లోనే తిరుగుతాయి. ప్రాసెసర్ దగ్గర వేడిని తీసుకుని రేడియేటరు దగ్గర దించేస్తాయి. చప్పుడు ఉండదు."

"నాలుగో ఏట నువ్వు రేడియోలో పాలు పోశావు."

"అప్పుడు నాకు తెలీదు కదమ్మా."

"అందుకే అప్పుడు ఊరుకున్నాను" అన్నారు అత్తగారు.

"సరే, ఒక్క మాట విను. ఈ కంప్యూటరు కేబినెట్ ముట్టుకోకు. నీ కోడలు సాధన చేసుకుంటుంది, నాకూ ఏకాగ్రత కావాలి. ఇవాళ ఈ గదిలో ఎవరూ మాట్లాడకూడదు."

అత్తగారు సరేనని తలూపి వెళ్ళిపోయారు. ఆవిడ మాటంటే మాటే. ఇంట్లో తడిగుడ్డ అయిదు నిమిషాలు నేల మీద ఉండటానికి వీల్లేదన్నది ఆవిడ పెట్టుకున్న ఒకే ఒక నియమం. ఆ నియమం ముందు కొడుకు ప్రణాళిక ఎంత అన్నది ఆ ఉదయం ఎవరికీ తట్టలేదు.

పదింటికి పూర్తి కావలసిన పని పన్నెండింటికి ఒక కొలిక్కి వచ్చింది. మొదట కోసిన గొట్టం జానెడు పొట్టిదైంది. రెండోది సరిపోయింది కానీ తిరగేసి పెట్టాడు. బిగింపులు మరీ గట్టిగా తిప్పకూడదని పుస్తకంలో ఉందని వాటిని చేత్తోనే మర్యాదగా తిప్పి వదిలేశాడు. చివరికి గాజు డబ్బాలో స్వచ్ఛమైన డిస్టిల్డ్ వాటర్ పోసి, కంప్యూటరుకి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కదాన్నే నడిపించాడు. నీళ్ళు గొట్టాల్లో ముచ్చటగా పరుగెత్తాయి.

ఆమెని పిలిచి చూపించాడు. ప్రతి అతుకు కిందా వంటింటి కాగితపు తువ్వాలు ఒకటి మడిచి పెట్టి ఉంది. మొత్తం ఎనిమిది.

"కాగితం తడిస్తే లీకు ఉన్నట్టు. పొడిగా ఉంటే లేనట్టు. ఇంతే పరీక్ష."

"ఎంతసేపు చూడాలి?"

"పూర్తి రోజు చూడమంటారు. మనకి మూడు గంటలు చాలు."

"వాళ్ళు పూర్తి రోజు అని ఎందుకన్నారో మరి."

"వాళ్ళకి అయిదింటికి గడువు లేదు" అన్నాడతను. ఆమె కథ పుస్తకం తీసుకుంది. పడకగదిలోకి వెళ్ళి, అద్దం కొనుక్కున్న తాబేలు కథని పదోసారి గొంతు సవరించుకుని చదవసాగింది.

పన్నెండు ముప్పావుకి భర్త వచ్చి చూశాడు. ఎనిమిది కాగితాలూ అప్పుడే పొట్లం విప్పినట్టు తెల్లగా, పొడిగా ఉన్నాయి. గాజు డబ్బాలో మాత్రం నీళ్ళు ఒక వేలెడు తగ్గాయి. అది లోపలి గాలి బయటికి పోతున్నందువల్లేనని వీడియోలో చెప్పారు. సంతోషంగా ఇంకాస్త నీళ్ళు పోసి, కాగితం మీద రాసుకున్నాడు: "12.45. పొడి."

ఒకటిన్నర దాటాక కింది అంతస్తు సర్వేయరు వచ్చాడు. ఉద్యోగ విరమణ చేసినా కొలత మానని మనిషి. చేతిలో ఆయనదీ ఒక కాగితం ఉంది.

"మీ పైపు ఏదో లీకవుతోందండీ. మా బాల్కనీలో పేపరు చదువుకుంటున్నాను. పన్నెండున్నరకి పైనించి నీళ్ళు కారాయి. అర నిమిషం కారి ఆగిపోయాయి. మళ్ళీ ఒకటిన్నరకి కారాయి. అప్పుడూ అర నిమిషమే."

"మా ఇంట్లోంచి అయ్యుండదండీ" అన్నాడు భర్త, నొచ్చుకున్నట్టుగా. "ఈ భవనం మొత్తంలో ఇవాళ లీకు పరీక్ష జరుగుతున్న ఇల్లు మాదొక్కటే. రండి, చూపిస్తాను."

సర్వేయరు వచ్చి వంగి చూశాడు. ఎనిమిది కాగితాలూ పొడిగా ఉన్నాయి. వేలితో తాకి, తలూపాడు. భర్త తన కాగితం మీద "1.45. పొడి" అని రాసి, డబ్బాలో మళ్ళీ నీళ్ళు పోశాడు. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఎవరి లెక్క మీద వాళ్ళకి గౌరవం ఎక్కువ.

"అయితే గోడలో పైపే" అని సర్వేయరు తేల్చి, ప్లంబరుకి ఫోను చేశాడు.

ప్లంబరు రెండింటికి వచ్చి, వింటూనే మొహం చిట్లించాడు. "గంటకోసారి టైము చూసుకుని కారే పైపుని నా సర్వీసులో చూళ్ళేదు సార్."

"నా వాచీ తప్పా?"

"వాచీ కరెక్టే సార్. పైపుకే ఏదో తేడా ఉంది." తేడా ఏదో తేలేదాకా భవనం మొత్తానికి నీళ్ళు కట్టేయాలన్నాడు. రెండూ పదికి మెయిన్ వాల్వు మూశాడు. పావుగంటలో మెట్ల మీద బకెట్లు కనిపించాయి. మూడో అంతస్తులో ఒకాయన తలకి సబ్బు రుద్దుకుని అలాగే ఉండిపోయాడని కబురొచ్చింది. ఆ భవనం మొత్తంలో నీళ్ళు పారుతున్నది ఇప్పుడు ఒక్క కంప్యూటర్లోనే.

రెండున్నరకి సర్వేయరు బాల్కనీలో నీళ్ళు మళ్ళీ కారాయి. ఆయన గబగబా పైకి వచ్చి, "మెయిన్ మూసి ఇరవై నిమిషాలైంది. అయినా కారింది" అన్నాడు విజయగర్వంతో.

"పైపులో మిగిలిన నీళ్ళు సార్."

"ఎంత మిగులుతాయి?"

"మిగిలినన్ని" అన్నాడు ప్లంబరు, సుత్తి తీస్తూ.

గలాటా వినిపించి ఆమె పడకగదిలోంచి బయటికి వచ్చింది. గడియారం చూసుకుంది. హాల్లో ప్లంబరు గోడ మీద సుత్తితో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

"ఏవండీ, ఈ చప్పుడులో నేనెలా చదివేది?"

"నువ్వు గాభరా పడకు. పరీక్ష పాసయ్యాం." రెండూ ముప్పావు నాటి పొడికి కూడా అతని దగ్గర రాతపూర్వకమైన ఆధారం ఉంది. ప్లంబరుని బతిమాలి సుత్తి ఆపించి, మూడింటికి కాగితాలు తీసేసి, కేబినెట్ పక్క తలుపు బిగించి, కంప్యూటరుకి కరెంటు ఇచ్చాడు.

తెర వెలిగింది. చప్పుడు లేదు. కొత్తగా మంచు కురిసిన వీధిలో ఉన్నంత నిశ్శబ్దం. ఆమె ఊపిరి బిగబట్టి వింది. వారం రోజులుగా భర్తని మనసులో అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంది.

"బాగా చేశారండీ" అంది.

"జాగ్రత్తలు తీసుకుంటే ఏదైనా ఇంతే" అన్నాడతను.

మూడున్నరకి ఎర్ర బొత్తాం నొక్కింది. తాబేలు అద్దం కొనుక్కుంది. అద్దంలో కనపడిన తాబేలుని ఇంటికి రమ్మని పిలిచింది. గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. ఇన్నేళ్ళూ ఇంట్లో అందరినీ పిలవడానికీ, కూరలవాడితో బేరానికీ వాడిన గొంతు ఇదేనా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. మూడు నిమిషాలు గడిచాయి. ఇంకో రెండు నిమిషాల్లో కథ అయిపోతుంది.

నాలుగో నిమిషంలో తలుపు తెరుచుకుంది. ఒక చేతిలో పట్టకారు, ఇంకో చేతిలో కాగితపు తువ్వాళ్ళతో అత్తగారు లోపలికి వచ్చారు. ఉదయం నించీ మౌనం పాటించిన మనిషికి ఇక ఓపిక లేకపోయింది.

"ఏవిరా ఆ కాగితాలు? తీసేశావా? మరి ఆ తడి సంగతి ఎవరు చూస్తారు?"

"ఏ తడి?" అన్నాడు పక్కనే నిలబడ్డ భర్త, గొంతు తగ్గించి.

"ఏ తడేంటి? మూడుసార్లు మార్చాను. పిండితే గ్లాసుడు నీళ్ళొచ్చాయి. నీ పెట్టెని వేలితో కూడా ముట్టుకోలేదు, చెప్పావు కదాని పట్టకారుతో లాగి, పట్టకారుతోనే పొడివి పెట్టాను. తడివి బాల్కనీలోకి తీసుకెళ్ళి బయటికి పిండి, కమ్మీ మీద ఆరేశాను. మళ్ళీ వాడుకోవచ్చు కదా. ఇల్లన్నాక తడి ఉంటుంది, దాన్ని తుడిచే మనిషీ ఉంటుంది. ఎనిమిది కాగితాలు కింద పడేసి ఏదో పరిశోధనన్నట్టు గంటకోసారి వచ్చి చూసి, రాసుకుని పోతావే గానీ, తీసి పిండాలని తోచదేం నీకు? రేడియోలో పాలు పోసిననాడే రెండు వేసుంటే..."

తలుపు బయటినించి సర్వేయరు మెల్లగా "గంటకోసారి" అన్నాడు. ప్లంబరు "పైపు కాదని నే చెప్పలా" అన్నాడు. అతను చెప్పలేదు.

కేబినెట్ లోపల టప్‌మని ఒక చిన్న శబ్దమైంది. తెర ఆరిపోయింది. ఇంట్లో దీపాలూ ఆరిపోయాయి. కేబినెట్ కింది అంచునించి నీటిచుక్క ఒకటి జారి, తీరిగ్గా నేల మీద పడింది. అత్తగారు వంగి దాన్ని తుడిచారు.

ఆమె నోట్లో తాబేలు సగం వాక్యంలో ఆగిపోయింది. ఎర్ర బొత్తాం నొక్కిన దగ్గర్నించి ప్రతి మాటా వాళ్ళకి చేరిపోయింది. పాలు పోసిన రేడియోతో సహా.

ఆ సాయంత్రం ప్లంబరు వాల్వు తెరిచాడు. భర్త కేబినెట్ విప్పి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో మదర్‌బోర్డుకి వేడిగాలి పట్టిస్తూ కూర్చున్నాడు. అత్తగారు కోడలి గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చుని, "నీ పని పాడుచేశానా అమ్మాయ్?" అని అడిగారు. ఆమె "లేదత్తయ్యా" అంది.

బుధవారం సంస్థ నుంచి జవాబు వచ్చింది. ఆమె ఫోన్లో ఒకసారి చదివి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఏం రాశారు?" అన్నారు అత్తగారు.

"మిమ్మల్ని రమ్మన్నారు."

"నన్నా? తిట్టడానికా?"

"తిట్టించడానికి. మనవణ్ణి తిట్టే నాయనమ్మ పాత్ర ఒకటుందట. ముప్ఫై ఆరు భాగాలు. ఏడాదిగా వెతుకుతున్నా అలాంటి గొంతు దొరకలేదట. నాలుగో నిమిషంలో వచ్చిన పెద్దావిడ ఎవరని అడిగారు."

"మరి నీకు?"

"నా గొంతు బాగుందన్నారు. అలాంటివి వాళ్ళ దగ్గర చాలా ఉన్నాయన్నారు."

అత్తగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "కళ్ళజోడు పెట్టుకున్నా నాకు చదవడం రాదని రాయి. మా కోడలు పక్కన కూర్చుని ఒక్కొక్క వాక్యమూ అందిస్తేనే వస్తానని రాయి. ఇద్దరికీ ఇస్తేనే సుమా, లేకపోతే వాళ్ళ మనవణ్ణి వాళ్ళే తిట్టుకోమను."

ఆమె ఆ మాటలు ఉన్నదున్నట్టు రాసి పంపింది. గంటలో ఒప్పుకున్నారు.

భర్త భార్య చేతిలోంచి ఫోను తీసుకుని, బుధవారం వచ్చిన జవాబులో "వెనక చప్పుడు ఈసారి పూర్తిగా పోయింది" అన్న మొదటి వాక్యం దాకా చదివి, వాటర్ కూలింగ్ విజయవంతమైందని ఆఫీసులో అందరికీ తెలియజేశాడు.