కోబినా చదివిన చెయ్యి

సెకొండి అనే రేవు ఊళ్లో కాల్చిన చేపలమ్మే ఎఫువామ్మ తన పొరుగింటి కోబినా గురించి వీధంతా చెబుతోందట. సముద్రానికి అవతల ఎవడి గుప్పిట్లో ఏ పేకముక్కలున్నాయో ఆ కుర్రాడు ఇక్కడ మంచం మీద పడుకుని, ఫోను చూసి చెప్పేస్తాడట. పాపం, ఆవిడ దాన్ని జబ్బనుకుంటోంది. చదువరులారా, అది జబ్బు కాదు, వరం! చిల్లర పందేల ఆన్‌లైన్ పోకర్ ఇంటింటా ఉండాలని నా వాదన.

మొహం చూసి మనిషిని తెలుసుకోవడం పాత పద్ధతి. మొహాలు అబద్ధమాడతాయి. ఫోనులో అసలు మొహాలే లేవు, ఇంక అబద్ధమెక్కడిది? ఎదుటివాడు ఎంతసేపటికి పందెం కాశాడన్నదే లెక్క. టక్కున కాస్తే చేతిలో చెత్త. ఆగి కాస్తే పెద్ద ముక్కలు. అలాంటప్పుడు మన ముక్కలు పడేసి తప్పుకోవాలి. మరి కరెంటు పోయి ఆగినవాడి సంగతేమిటంటారా? శాస్త్రానికి అడ్డుప్రశ్నలు వేయకూడదు!

ఈ విద్య కోబినాకు బజారులోనూ అక్కరకొచ్చింది. మొక్కజొన్న కెంకీ ముద్దతో పాటు చేప తీయబోయి ఎఫువామ్మ రవ్వంత తటపటాయిస్తే చాలు, గంప అడుగున పెద్దది దాచిందని పట్టేసేవాడు. నిజంగానే ఉండేది! టాక్సీవాడు టక్కున రేటు చెబితే నవ్వి నడిచిపోయేవాడు. పాదిరి ప్రార్థన మధ్యలో ఆగితే, ఈయన దగ్గర ఏదో గట్టిదే ఉందని ఒక కన్ను తెరిచేవాడు. ఇంత చూపు ఏ కాలేజీ ఇస్తుంది?

ఇక పెళ్లి మాటలు. అరబా అనే పిల్ల తప్ప కోబినాకు లోకం లేదు. ఇరువైపుల పెద్దలూ కూర్చున్నారు. మగపెళ్లివారి మందు సీసా నడుమ పెట్టారు. దాన్ని తీసుకోనా అని పిల్ల తండ్రి మూడుసార్లు అడగాలి, పిల్ల మూడుసార్లూ ఒప్పుకోవాలి. అప్పుడే సీసా మూత తీస్తారు, పెళ్లి ఖాయమవుతుంది.

"తీసుకోమంటావా తల్లీ?"

"తీసుకోండి నాన్నా."

రెండోసారీ అంతే, టక్కున చెప్పింది. కోబినా తల వంచేశాడు. టక్కున అంటే చెత్తేగా!

మూడోసారి అడిగితే పిల్ల ఆగింది. కోబినా వంచిన తల ఎత్తకుండానే లోలోపల క్షణాలు లెక్కపెట్టాడు. ఆగిందంటే పెద్ద ముక్కే. తనను మించినవాడెవడో ఉన్నాడు! అంత చదివినవాడు ఊరుకుంటాడా? లేచి, పెద్దల మోకాళ్ల మధ్య నుంచి దూరి, సీసా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నేను తప్పుకుంటున్నాను మామయ్యా. ఆమె చేతిలో ఇంకా గట్టిది ఉంది."

"పెట్టరా సీసా! పరువు తీస్తున్నావు," అని వాళ్లమ్మ చొక్కా పట్టి లాగింది.

ఈలోగా ముందు వరసలో ఉన్న అరబా తాత, చెవి మిషను సర్దుకోవడం ముగించి తలెత్తాడు. "ఆఁ, ఇప్పుడు వినిపిస్తోంది. ఏమందిరా పిల్ల?"

అరబా కోబినా వైపే చూస్తోంది.

"తాత మిషను పెట్టుకునేదాకా ఆగాను, ఆయన కూడా వినాలని. అంతసేపూ నిన్ను చూసి నవ్వుతూనే ఉన్నాను. తలెత్తి నా మొహం చూడాల్సింది."