అత్తగారి గది కింద పొయ్యి

తెనాలిలో చలికి వణికినవాడిని నేనింతవరకు చూడలేదు. అలాంటి ఊళ్లో ఇల్లు వెచ్చబెట్టడానికి పొయ్యి పెట్టించినవాణ్ణి నేనొక్కణ్ణే. నవ్వకండి, కారణం వినండి.

ఆ ఏడు క్రిస్మస్‌కు మా అత్తగారు సారమ్మగారు కర్లపాలెం నుంచి వచ్చారు. పండగ అయింది, కేకు అయింది, కొత్త సంవత్సరం ఆరాధన కూడా అయింది. ఆవిడ మాత్రం కదల్లేదు. నా పడక్కుర్చీలో కూర్చుని, నా పేపరు నాకన్నా ముందు చదివేసి, వార్తలు నాకే చెబుతున్నారు. ఆఫీసు నుంచి వచ్చి ఆ కుర్చీలో నడుం వాల్చడం తప్ప నాకు వేరే సుఖం లేదు.

"మీ అమ్మగారు ఎప్పుడు బయల్దేరుతున్నారు?" అని మా ఆవిడ కృపారాణిని మెల్లగా అడిగాను.

"ఈస్టర్ చూసుకుని వెళ్తుందంట."

"ఏ ఏడాది ఈస్టరు?"

ఆవిడ చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. బుర్ర మాత్రం తెరుచుకుంది. మా అత్తగారికి వేడి అస్సలు పడదు. మా ఇల్లు చూస్తే కాలవ గట్టు మీదుంది. రోడ్డు మీంచి ఒక్క అంతస్తే కనిపిస్తుంది, వెనక మెట్లు దిగితే కింద ఇంకో గది. దాని పైదే అత్తగారి గది.

వెల్డింగ్ షాపు అమ్జద్ చేత ఇనప పీపాతో పొయ్యి చేయించి కింద గదిలో పెట్టించాను. పొగగొట్టం అత్తగారి గది మూల నుంచి డాబా మీదికి పోతుంది.

"తెనాల్లో ఇదెందుకండీ సార్?"

"మా అత్తగారి మోకాళ్ల కోసం."

"అల్లుడంటే మీరండీ!" అని అమ్జద్ కళ్లు తుడుచుకున్నాడు. నాకు కొంచెం సిగ్గేసింది, కొంచెమే.

పొయ్యి రాజేశాను. సాయంత్రానికల్లా క్రిస్మస్‌కు మిగిలిన కొవ్వొత్తులు వంగిపోయాయి. మా పిల్లి ఇల్లు వదిలి పక్కింటికి కాపురానికి వెళ్లింది. ఆశగా అత్తగారి గదిలోకి తొంగిచూశాను. ఆవిడ నుదుటి మీద చెమట ధార కడుతోంది.

"ఎంత హాయిగా ఉందో అల్లుడుగారూ! ఇంకో రెండు కట్టెలు వేద్దురూ."

కట్టెలు అయిపోతే పీడా పోతుందనుకున్నాను. మర్నాడే కర్లపాలెం నుంచి ట్రాలీ ఆటో నిండా సరుగుడు కట్టెలు దిగాయి.

"మా తమ్ముడి తోటలోవండీ. మీకు శ్రమెందుకని తెప్పించాను" అన్నారు అత్తగారు.

అప్పట్నుంచి ఆఫీసు వదలగానే నా మకాం కింద గదిలోనే. కృపారాణి పొయ్యి మీద స్నానాలకు నీళ్లు పెడుతోంది, పక్కన దండెం కట్టి బట్టలు ఆరేస్తోంది. నేను మసి మొహంతో ఊదుకుంటూ కూర్చుంటున్నాను. ఓ రోజు ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"కృపా, మీ అమ్మగారికి వేడి పడదు కదే?"

"పడదు. మీరు పొయ్యి రాజేసిన అరగంటకే బ్యాగు సర్దేసుకుంది."

"మరి వెళ్లలేదేం?"

"నేనే చెప్పాను, మీరీ పొయ్యి పెట్టించింది ఆవిణ్ణి పంపించెయ్యడానికేనని."

"అంటే ఆవిడేమంది?"

"సర్దిన బ్యాగు విప్పేసింది."

ఇంతలో పైనుంచి గొంతు వినిపించింది.

"అల్లుడుగారూ! కాస్త చలేస్తోందండీ!"

నేను ఇంకో కట్టె అందుకున్నాను.